పేరులో గుర్రం, ఇంట్లో ఆవు

ఇవాళ సిడ్నీలో, గిరావీన్‌లో మాంసం కొట్టు అద్దం మీద "తజిమా" అని రాసి ఉంటే చూసి ఆగిపోయాను. యూనివర్సిటీ రోజుల్లో నాతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి మన జపాన్ అమ్మాయి హరుకా గుర్తుందా? రైస్ కుక్కర్ ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో తన సీమ పేరు రాసి చూపించేది.

తజిమా జపాన్‌లో ఓ పాత సీమ. ఆ పేరుని జపాన్ లిపిలో రాస్తే రెండో అక్షరానికి అర్థం గుర్రం. పేరుపడ్డది మాత్రం ఆవులకి, వాటి మాంసానికి. "మరి గుర్రమెందుకొచ్చింది?" అని మనం నవ్వితే విసుక్కునేది. "అది సౌండ్ కోసం పెట్టిన అక్షరం. అసలు అర్థం ఎవరికీ సరిగ్గా తెలీదు" అనేది.

వాళ్ళ తాతగారి ఆవు మనుషులతోపాటు ఒకే కప్పు కింద ఉండేదట. పొలం దున్నేది కూడా ఎద్దు కాదు, ఆ ఆవేనట. బార్బెక్యూ పార్టీల్లో ఇవేవీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. "మీ బీఫ్ సూపర్" అనేసి ప్లేటు చాపేవాళ్ళు. నా గతీ అంతే. మాది ఒంగోలని తెలిసిన దగ్గర్నుంచీ ఇండియన్ షాప్ అంకుల్ నన్ను చూస్తే చాలు, "ఒంగోలు గిత్త వచ్చింది" అనేవాడు. మా ఇద్దరికీ ఒళ్ళు మండేది.

"వాట్స్ తజిమా?" అన్నాడు ఇవాళ కొట్టు ముందు నా పక్కనున్న మా అబ్బాయి. నేను నోరు తెరిచేలోపే కొట్టతను "బెస్ట్ బీఫ్, మేట్" అన్నాడు.

"కాదు నాన్నా, అది మనుషులుండే చోటు. మన ఒంగోలులాగా" అన్నాను.

వాడు మళ్ళీ కొట్టు అద్దం వంక చూశాడు.

"సో ఒంగోల్ ఈజ్ బీఫ్ టూ?"