రిమోట్‌కు రెండు దెబ్బలు

మొగుడు పోయినా ఇస్త్రీ అక్క ఏడవలేదని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ, లోకం నోటికి మూత పెట్టగలమా! ఆమెకు నిజంగానే ఏడుపు రాలేదు. తెల్లారితే ఇస్త్రీ పెట్టె వేడెక్కించేది, మూట విప్పేది, చొక్కాలు మడిచేది. వేలు కాలినా చురుక్కుమనేది కాదు. మనిషి లోపల మొద్దుబారిపోయింది, అంతే.

ఇంట్లో మిగిలింది తనూ, అత్తగారూ. అత్తగారికి లోకమంతా టీవీలోనే ఉంది. ఒకనాడు మధ్యాహ్నం ఆవిడ కేకేసింది.

“అమ్మాయ్! రిమోట్ మళ్లీ మొండికేసింది. రెండు తగిలించు!”

రెండు తగిలించడం ఆ ఇంటి వైద్యం. పోయినాయన లిఫ్టులు బాగుచేసే మనిషి. అంతంత యంత్రాలకు కొత్త సామాను వేయించేవాడికి, ఇంట్లో రిమోట్‌కు సెల్స్ మార్చాలంటే మాత్రం చేతులు రావు. అరచేతిలో రెండు దెబ్బలు కొట్టేవాడు. సెల్స్ తీసి దీన్ని దాని చోట, దాన్ని దీని చోట వేసేవాడు. అప్పటికీ లొంగకపోతే కిటికీలో ఎండకు పెట్టేవాడు. “ఇంకో వారం లాగుతుందే” అనేవాడు. పిసినారితనమా అంటే అదీ కాదు, అదో సరదా. బొత్తిగా చచ్చాక మాత్రం వాటిని చెత్తలో వెయ్యనిచ్చేవాడు కాదు. “మట్టికి విషమే అది” అంటూ కొసలకు టేపు అంటించి గాజు సీసాలో దాచేవాడు. సీసా నిండితే తీసుకెళ్లి, కరెంటు సామాన్ల కొట్లో పాత సెల్స్ కోసం పెట్టిన డబ్బాలో వేసి వచ్చేవాడు.

ఇస్త్రీ అక్క రిమోట్‌ను అరచేతిలో కొట్టబోయి ఆగిపోయింది.

పోయే ముందు ఒకరోజు ఆయన మెట్ల మీద కూలబడి, “ఎందుకో ఆయాసంగా ఉందే, డాక్టరుకు చూపించుకోనా?” అన్నాడు. ఆమె నవ్వుతూ వీపు మీద రెండు తట్టి, “ఏం కాదులే, ఇంకో వారం లాగుతావు” అంది. ఆయనా పగలబడి నవ్వాడు. నవ్వుకుంటూనే పనికి పోయాడు. వారం లాగలేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి అసలే చెప్పలేదు.

రిమోట్ వెనక మూత తీసి చూస్తే సెల్స్ చుట్టూ తెల్లటి పొడి, స్ప్రింగుకు పచ్చటి తుప్పు. ఆయన చేత్తో వేసిన చివరి జత అది. తీసేస్తే ఆయన చేసిన పని ఒకటి ఇంట్లోంచి పోయినట్టే. ఉంచితే రిమోట్ పాడై, ముసలామెకున్న ఒక్క కాలక్షేపం పోతుంది. గుడ్డతో పట్టుకుని బయటికి లాగింది. ఆయనలాగే టేపు అంటించి, విడిగా ఒక కవర్లో వేసుకుని, సీసాతో పాటు కొట్టుకు పట్టుకెళ్లింది.

సీసా వంచితే డబ్బాలోకి గలగలా పడ్డాయి. కవరు చేతిలో మిగిలింది.

“అదీ వేసెయ్యక్కా” అన్నాడు కొట్టతను.

“ఈ రెండూ ఇంట్లో ఉంచుకుంటే?”

“కారిపోతున్నవాటిని ఎవరైనా దాచుకుంటారా! కవరుతో సహా వేసేసి చెయ్యి కడుక్కో.”

వేసేసింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు. చెయ్యి కడుక్కుని, కొత్త జత కొనుక్కుని ఇంటికొచ్చింది. స్ప్రింగు తుప్పు పాత బ్రష్షుతో గీకి, సెల్స్ వేసి రిమోట్ అత్తగారికి ఇచ్చింది. ఆవిడ నొక్కగానే టీవీ గొంతెత్తింది.

“ఓసి దీని దుంపతెగా! ఒక్క నొక్కుకే వచ్చేసిందే!”

“కొత్తవి కదా అత్తయ్యా.”

“మరి ఇన్నాళ్లూ తట్టుకుంటూ కూర్చున్నామేమే? ముందే చూసుకుని ఉంటే సరిపోయేది కదా!”

ఆవిడ కళ్లు అప్పుడే తెర మీదకు పోయాయి. ఇస్త్రీ అక్క తన అరచెయ్యి చూసుకుంది. ఆయన వీపు తట్టిన చెయ్యి అది.

“కొంచెం సౌండు పెంచండి అత్తయ్యా” అని వంటింట్లోకి పోయింది.

ఆవిడ పెంచింది. ఆ గోలలో ఇస్త్రీ అక్క మొదటిసారి ఏడ్చింది.