ఊదా నీళ్ళ టబ్బు

ఇది మహాకావ్యం కావలసిన కథ. నమ్మకద్రోహం ఉంది, గూఢచారి ఉన్నాడు, విషజలాలు కూడా ఉన్నాయి. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. అల్లూరు దగ్గర ఐదుగురం కలిసి ఆడిన నలభై నిమిషాల నాటకం ఇది. విషజలాలంటే ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు.

నాటకంలో ముగ్గురు ఒంటరి పనివాళ్ళు: రొయ్యల గుంట కాపలాదారు, షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆవిడ, ఎవరూ దిగని బస్టాపులో టీ కొట్టువాడు. రాసిందీ ఆడించిందీ మా ఊరి టైలరు మాస్టారు. కాపలా వేషం నిజం కాపలాదారుకే ఇచ్చారు. ఆయన్ని మేం అన్నా అనేవాళ్ళం. తలలు తీసే అక్కదీ సొంత వృత్తే. టీ కొట్టు వేషం పక్క గుంట కాపలాదారుది. నేను మేత దుకాణంలో పనిచేస్తాను. ఏ వేషానికీ పనికిరాక ప్రాంప్టరునయ్యాను.

చిక్కు ఒక్కటే. ఒక గుంట బురద కాళ్ళకంటుకుని ఇంకో గుంటకు చేరితే రొయ్యలకు తెల్లమచ్చ రోగం వస్తుందనీ, వస్తే పంటంతా పోతుందనీ ఓనర్ల భయం. అందుకే గట్టెక్కే ముందు ఎవరైనా ఊదారంగు పర్మాంగనేట్ నీళ్ళలో కాళ్ళు ముంచాలి. అన్న ఓనరు ఇంకో అడుగు ముందుకేశాడు. పక్క గుంటవాళ్ళతో కలిస్తే పని పోయినట్టేనన్నాడు. అంటే ఒంటరితనం మీద నాటకం ఆడటానికి అన్న దొంగచాటుగా మనుషుల్ని కలవాల్సి వచ్చింది.

రోజూ మధ్యాహ్నం మేత వేశాక టైలరు కొట్టు మేడ మీద రిహార్సలు. అన్నకు ఒక పెద్ద డైలాగుంది.

"ఏడేళ్ళుగా నాతో మాట్లాడేది గుంటలో నీళ్ళకి గాలి పట్టించే ఈ ఏరియేటరొక్కటే. అదీ మూలుగుతానే ఉండాది."

"కరెంటుంటేనే గదన్నా," అని వెనక నుంచి అందించాను. మాస్టారు టేపు విసిరారు.

ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి, మనిషికి ఐదు. అక్క ఇంకో పది అడిగింది. అన్న నాలుగు వెనక్కి తెచ్చిచ్చాడు. మంచి దళసరి కాగితం, ఊరికే పాడెందుకన్నాడు.

మూడో రోజు అన్న ఓనరు మాస్టారికి ఫోను చేశాడు. స్పీకర్లో అందరం విన్నాం. "మా మనిషి మీకాడ వేషం కడతా ఉండాడంట. ఆ రోజు నేనే వస్తా. చూసి చెప్తా."

"ఎవురు చెప్పినారు?" అన్నారు మాస్టారు.

అక్క నన్ను చూసింది. "ఇంకెవురు? అన్ని గుంటలకీ మేత మోసేది వీడేగా. పైగా ఊరికే నవ్వతా ఉంటాడు."

"నవ్వితే గూఢచారా అక్కా?"

"నవ్వేదానికి ఏముందిరా ఈ నాటకంలో?"

నేను మాస్టారిని అనుమానించాను. ఓనరు చొక్కాలు కుట్టేది ఆయనే. మాస్టారు అక్కను అనుమానించారు. టీ కొట్టువాడు అందరినీ అనుమానించి, చివరకు తాగినప్పుడు తానే వాగాడేమోనని తనను కూడా అనుమానించుకున్నాడు. రిహార్సలుకు ముందు ఫోన్లన్నీ గుండీల డబ్బాలో వేయించారు. అన్న ఒక్కడే ఎవరినీ ఏమీ అనలేదు. దాన్ని మేం మంచితనం అనుకున్నాం.

చర్చి వార్షికోత్సవం సాయంత్రం నాటకం. ఓనరు బైకు వెనక నీలం టబ్బు కట్టుకుని వచ్చాడు. స్టేజీ మెట్ల దగ్గర పెట్టి, నీళ్ళు పోయించి, పొడి కలిపాడు. "ఎక్కేటోళ్ళు ముంచి ఎక్కండి. దిగేటోళ్ళు కూడా." తర్వాత జేబులోంచి పత్రిక తీసి నాకు చూపించాడు. "ఆరింటికని ఉండాదే, ఇంకా మొదలుపెట్టలా?"

పత్రిక మీద 'ఓనరు గారికి' అని రాసి ఉంది. అన్న డైలాగులు రాసుకున్న వంకర అక్షరాలే.

తెర వెనక అన్నను పట్టుకున్నాను. "నువ్వేనా పిలిచింది?"

"మీకందరికీ వచ్చేటోళ్ళుండారు. నాకు తెలిసినోడు ఆయనొక్కడే అబ్బయ్యా."

"పని పోతాదని తెలవదా?"

"తెలుసు. ఐదు కార్డులిస్తిరి. ఒక్కటన్నా ఎవురికన్నా ఇయ్యకుంటే బాగుంటదా?"

డైలాగుల కాగితాలు పట్టుకుని తెర పక్కన నా చోటికి వెళ్ళాను.

అన్న పెద్ద డైలాగు ముందు వరుసకేసి చూస్తూ చెప్పాడు. ఓనరు లేచి నిలబడ్డాడు. ఇక స్టేజీ మీదనుంచే దించేస్తాడని అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మూలుగుతా ఉండాదా? ఏది, మూడోదా?"

"మూడోదే సార్," అన్నాడు అన్న, వేషంలోనే.

"బేరింగు పోయుంటాది. రేపు మెకానిక్కు వస్తాడు. నువ్వు గట్టు మీదే ఉండు."

కూర్చున్నాడు. రేపు గట్టు మీద ఉండమన్నాడంటే పని ఉన్నట్టే. ఇదీ నాటకంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పడిన చప్పట్లు అవే.

మర్నాడు బేరింగు మార్చారు. మా అందరి కాళ్ళూ గోధుమరంగుకు తిరిగాయి. పర్మాంగనేట్ మరక సబ్బుకు పోదు, నిమ్మచెక్కతో రుద్దాలి.