అంకె చెప్పని దారం

మా అమ్మాయి స్కర్ట్ నేనే కుట్టాను. ఈ సంగతి ఇప్పటికి మా లిఫ్టు ఎక్కినవాళ్లందరికీ చెప్పాను. ఆఫీసులో మా టీమ్ మొత్తానికి ఫోటో పంపాను. అందులో ఒకావిడ "ఎక్కడ కొన్నారండీ, చాలా బాగుంది" అని అడిగితే ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే, అవును, చెప్పుకుంటున్నాను.

నిజానికి నాకు కుట్టు రాదు. రానివ్వలేదు. మా అమ్మ లింగంపల్లిలో పాతికేళ్లు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు, లంగాలు కుట్టింది. నేను సరదాకి చక్రం తిప్పినా చేతి మీద ఒకటి వేసేది. "నువ్వు పుస్తకం పట్టు, మిషన్ నాకిడువు" అనేది. పుస్తకమే పట్టాను. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. దానికి తగ్గ నోరు కూడా ఉందని ఇంట్లో అంటారు.

మొన్నటి చలికాలంలో అమ్మకు కంటి ఆపరేషన్ అయితే పుప్పాలగూడలో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. మిషన్ లేకుండా రానంది. దాన్ని కూడా ట్రాలీ ఆటోలో తెచ్చి బాల్కనీలో పెట్టాం. నెల రోజులు దాని జోలికి పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే, ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూల్లో వార్షికోత్సవం వచ్చింది. ఎనిమిది మంది ఆడపిల్లల కోలాటం, ముందు వరసలో మా పిల్ల. అప్పటికే నెల్లాళ్లుగా ఇంట్లో గరిటెలన్నీ దానికి కోలలయ్యాయి. మడమల దాకా వచ్చే చేనేత స్కర్ట్ కావాలి, ఏ రంగైనా సరే అన్నారు. చందానగర్‌లో ఒక బట్టల షాపుకు తీసుకెళ్లాను. మా పిల్ల కొంచెం ఒళ్లు చేసిన పిల్ల. షాపులో అమ్మాయి దాని నడుముకు టేపు చుట్టి, అంతమంది జనంలో, "ముప్పై! పాపకు పిల్లల సైజు రాదు మేడం, లేడీస్ సెక్షన్‌ల చూడుండ్రి" అని కేకేసింది. పక్కన ఎవరో నవ్వారు. మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక ఒక్కటే మాట అంది.

"నేను డాన్స్ చెయ్యను మమ్మీ."

నాకు ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. "షాపు లేదు గీపు లేదు, నేనే కుడతాను" అన్నాను. అమ్మ నల్ల కళ్లద్దాల వెనక నుంచి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వా? సూదిల దారం ఎక్కించుడన్న వస్తదా నీకు?"

"నువ్వు చెప్పు, నేను కుడతా" అన్నాను.

అమ్మ దగ్గర టేపు ఎప్పుడూ లేదు. ఆమె కొలత దారంతోనే. నడుము చుట్టూ దారం తిప్పి, కలిసినచోట ఒక ముడి. నడుము నుంచి మడమ దాకా పట్టి రెండో ముడి. ఎవరి దారం వాళ్లదిగా గోడకు మేకుల వరస మీద వేలాడేది. ఎంతుందో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ఒంటి కొలత పైకి చదివితే దిష్టి తగులుతుందనేది. చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని.

ఆదివారం పొద్దున మనవరాలిని దగ్గరికి పిలిచింది. "జర చేతులు లేపు బిడ్డా. కోలాటం ఆడినట్టు లేపు." దారం తిప్పింది, ముడులు వేసింది, నా చేతికిచ్చింది. పిల్ల మొహం కాస్త తెరిపిన పడింది.

నేను ఊరుకుంటేనా! ముడి సరిగ్గా పడిందో లేదో చూడకుండా గుడ్డ మీద కత్తెర పెట్టేదెలా? ఏదైనా రెండుసార్లు సరిచూడందే నాకు చెయ్యి ఆడదు. కర్టెన్ల కోసం కొన్న టేపు అల్మారాలో ఉంటే తెచ్చి, దారాన్ని దాని పక్కన పరిచాను. "కరెక్టే అమ్మా, ముప్పై" అని గట్టిగా చదివాను కూడా.

పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"అంకె లేకుంటే నీకు అన్నం అరగదా?" అంది అమ్మ. "గిన్నేండ్లు నేను దారం ఎందుకు పట్టిన అనుకున్నవ్? ఆడపిల్ల ఒంటి లెక్క ఎవలన్న గట్ల బయటికి చదువుతరా?"

దిష్టి పేరు చెప్పి ఆమె ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. షాపులో జరిగిందే నేను మళ్లీ చేశాను, అదీ సొంత ఇంట్లో.

దారం పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను. "తప్పు నాదే. ఇక టేపు ముట్టను" అన్నాను. తలుపు కొంచెం తీసింది. "పోనీ, దీంతో నన్ను కొలువు" అని దారం చేతికిచ్చాను. అనుమానంగా చూస్తూనే నా నడుము చుట్టూ తిప్పింది. దారం కొస నడుము ముడిని అందుకోలేదు. మధ్యలో బెత్తెడు ఖాళీ. ఇంకాస్త లాగింది. నేను పొట్ట లోపలికి పీల్చాను. అయినా అందలేదు. ఇక దానికి నవ్వాగలేదు.

"అమ్మమ్మా, మమ్మీకి దారం చాలలేదు!" అని అరుస్తూ బాల్కనీలోకి పరుగెత్తింది.

అమ్మ తన పాత నారాయణపేట చేనేత చీర తీయించింది. ఆకుపచ్చ గళ్లు, ఎర్ర అంచు. ఆ అంచునే కిందికి వదిలితే అడుగున మడిచి కుట్టే పని ఉండదు. అంచు నుంచి రెండో ముడి దాకా పొడవు పట్టి, పైన మడతకు నాలుగు వేళ్లు వదిలాను. వెడల్పుకు నడుము దారానికి రెండింతలు. "కుచ్చులు పడాలె. తిరిగితే గొడుగు లెక్క లేవాలె" అంది అమ్మ. దారాన్ని గుడ్డ మీద రెండుసార్లు పరిచి చూసుకుని కత్తెర పెట్టాను. మిషన్ తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. అలా ఏడుసార్లు తెగింది. లెక్కపెట్టాను, అలవాటు ఎక్కడికి పోతుంది? ఎనిమిదోసారికి కాళ్లకు లయ దొరికింది. రెండు కొసలు కలిపి పక్క కుట్టు వేశాను. పైన మడిచి కుడుతూ కొంచెం సందు వదిలి, ఎలాస్టిక్‌కు పిన్నీసు గుచ్చి అందులోంచి దూర్చాను. దాని పొడవు నడుము దారం కంటే నాలుగు వేళ్లు తక్కువ. భోజనాల వేళ దాటిపోయినా ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు.

అమ్మ కుట్టును వేళ్లతో తడిమి చూస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఆఫీసులో ఏ రివ్యూకీ నేను అంత భయపడలేదు.

"వంకర పోయింది" అంది. రెండు చేతులతో లాగి చూసి, "గని ఊడది" అంది. కుట్టు విషయంలో ఆమె నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

వార్షికోత్సవం రోజు పిల్లలను తయారుచేసే గదిలో ఎవరి స్కర్టో జారిపోతోంది, ఇంకెవరిదో బిగుసుకుపోయింది. టీచర్ విసిగిపోయి మా అమ్మాయి వైపు తిరిగారు. "నీకు మాత్రం ఎంత బాగా సరిపోయిందో! ఇది ఏ సైజు?"

గది నిండా పిల్లలు, తల్లులు. ఏదో ఒకటి చెప్పి మాట మార్చాలని నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి జవాబిచ్చింది.

"దీనికి సైజు లేదు మిస్. ఇది నాది."

అని గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆకుపచ్చ గళ్లు గొడుగులా లేచాయి. నా వంకర కుట్టు అందరికీ స్పష్టంగా కనిపించింది. పక్కనున్న తల్లికి కనిపించలేదేమోనని వేలు పెట్టి మరీ చూపించాను.