నేను వంక పెట్టిన కోడి

మా నాన్నకు బెంగళూరు పక్కన హొసకోటెలో కిరాణా అంగడి ఉండేది. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. సరుకు నచ్చినట్టు మొహంలో కనబడకూడదు, ముందు వంక పెట్టాలి, కుదరకపోతే నడిచి వెళ్ళిపోవాలి, వెనకనుంచి వాళ్ళే పిలుస్తారు అనేవాడు నాన్న. బెంగళూరులో మా పెళ్ళిచీర కూడా అలా అంగడి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి కొన్నదే.

ఆ చీర కట్టుకున్న మనిషితోనే, మా చర్చి పంపగా, ఆఫ్రికాలోని మలావీకి వెళ్ళాను. కొన్నేళ్ళు అక్కడే ఉన్నాం. మా ఆవిడ నర్సు. పల్లెలో చిన్న వైద్యశాల నడపడం ఆమె పని. మందులు సర్దడం, ఆదివారం వాక్యం చెప్పడం నాది.

వెళ్ళిన కొత్తలోనే ఒక ఉదయం పక్కింటి ముసలమ్మ వచ్చి మా వాకిట్లో మోకాళ్ళమీద కూర్చుంది. చేతుల్లో కాళ్ళు కట్టిన కోడి. ధర చెప్పలేదు. ధర చెప్పనివాళ్ళు పెద్ద ధరకే కాచుకుంటారని నా అంగడి చదువు. కోడిని రెక్కలు పట్టి ఎత్తాను, కండ తడిమాను, పెదవి విరిచి తల అడ్డంగా ఊపాను. సంతలో విన్న ధరలో సగం ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఆ నోట్లను మా గడపమీద ఉంచి, కోడిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా ఆమే వెనక్కి వస్తుందని మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

రాలేదు. మరునాడు వైద్యశాల బెంచీ ఖాళీ. ఆ తర్వాతా అంతే. ఊళ్ళో ఆడవాళ్ళు ఏ పనికైనా ముసలమ్మ మాటకోసమే చూస్తారు. నెలలు నిండిన ఇద్దరు కూడా రావడం మానేశారు. చివరికి, మా ఇంగ్లీషును ఆ ఊరి భాషలోకి చెప్పే సంఘపెద్దను అడిగాం. ఆయన నేల చూస్తూ చెప్పాడు. అది అమ్మకానికి తెచ్చిన కోడి కాదట. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు కానుకగా ఇచ్చే మొదటి కూరట.

అంతకుముందు ఆదివారమే నేను కృప గురించి మాట్లాడాను. దేవుడు వెల అడక్కుండా ఇస్తాడని, గంటసేపు.

సిగ్గుతో చక్కెర పొట్లం కట్టుకుని బయలుదేరాను. మా ఆవిడ గుమ్మంలోనే దాన్ని లాక్కుంది.

"మళ్ళా బేరమేనా? చక్కెరిచ్చి కోడి తెస్తావా?"

"ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది?"

"ఉత్త చేతుల్తోనే పోప్పా. ఊరికే ఇచ్చేది ఊరికే తీసుకునేది నేర్చుకో. ఆ ఇద్దరికీ నెలలు నిండుండాయి. రేపు ఏమన్నా అయితే నీ అంగడి బుద్ధి పోయి కాన్పు చేస్తాదా?"

వెళ్ళాను. దారిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలమ్మ మొక్కజొన్న దంచుతోంది, చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఆమె ముందు మోకరించి రెండు చేతులూ చాచాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అలా అడిగినవాణ్ణి కాదు.

కాసేపు ఆమె రోకలి ఆపలేదు. తర్వాత లోపలికి వెళ్ళి కోడిని తెచ్చింది. ఇవ్వబోతూ ఆగింది. దాన్ని రెక్కలు పట్టి ఎత్తింది, కండ తడిమింది, పెదవి విరిచి తల అడ్డంగా ఊపింది. అచ్చం నేనే. ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. అప్పుడు కోడిని నా చేతుల్లో పెట్టింది.

ఆ పూట ఆమె మా ఇంట్లోనే తిన్నది. మా ఆవిడ వేసిన కారానికి ముక్కు తుడుచుకుంటూనే మళ్ళీ వడ్డించమంది. మరునాడు బెంచీమీద, నెలలు నిండిన ఆ ఇద్దరి మధ్య, తనే కాన్పుకొచ్చినంత దర్జాగా కూర్చుని ఉంది.

ఇప్పుడు బెంగళూరులో ఉన్నాం. నేను పూర్తిగా బాగుపడలేదు. కూరల బండి దగ్గర కొసరుగా కరివేపాకు రాలేదంటే కదలను. కానీ పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా తెస్తే, బదులేం పెట్టాలా అన్న ఆలోచన లేచేలోపే రెండో చెయ్యి కూడా చాస్తాను. ఆ ముసలమ్మను తలుచుకుని మనసులో దండం పెట్టుకుంటాను.

మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి అడుగుతుంది, "కండ ఎట్లుండాదో చూసుకోవా?"