ఆంటీ తెచ్చిన ఉప్పునీళ్ళు

ఈ ఉదయం మా అమ్మాయికి జ్ఞానదంతాలు రెండు తీయించి, సిడ్నీ శివార్లలో స్కోఫీల్డ్స్‌లోని మా ఇంటికి తీసుకొచ్చి దాని గదిలో పడుకోబెట్టి, అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి గ్లాసెడు వేడినీళ్ళలో ఉప్పు వేసి కలుపుతూ ఉన్నదాన్ని ఉన్నట్టుండి ఆగిపోయాను. పాతికేళ్ళనాటి నొప్పి కుడి దవడలో మళ్ళీ కలుక్కుమంది. ఆ నీళ్ళు సింకులో పారబోసి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మేము సిడ్నీ వచ్చిన తొలి ఏడాది అది. మావారికి ఇంకా ఉద్యోగం దొరకలేదు. నాకు మాత్రం ఫోనులో కస్టమర్ల ఇబ్బందులు విని సర్దిచెప్పే పని దొరికింది గానీ అదీ ఇంకా ఖాయం కాలేదు. ఫలానా సోమవారం మా సూపర్‌వైజరు పక్కన కూర్చుని నా కాల్స్ విని, ఉంచాలో పంపాలో తేలుస్తానంది. సరిగ్గా ఆ ముందు వారమే జ్ఞానదంతం దవడలో అడ్డం తిరిగి ప్రాణం తోడేసింది. శుక్రవారం తీయించుకుంటే శని, ఆదివారాల్లో కోలుకుని సోమవారానికి నోరు తెరవగలనని లెక్క వేసుకున్నాను.

డెంటిస్టు నా చేతికో కాగితం ఇచ్చాడు. ఇరవై నాలుగు గంటలు నోరు పుక్కిలించకూడదు, వేడివి తాగకూడదు, మత్తు దిగకముందే మాత్ర వేసుకోవాలి అని అందులో ఉంది. నేను చదివాను, అర్థం చేసుకున్నాను కూడా. ఆ సాయంత్రమే కింది ఫ్లాట్ ఆంటీ వచ్చింది. తెనాలి వైపు మనిషి, యాభై దాటాక ఇక్కడ కారు నేర్చుకుని, మాలాంటి కొత్తవాళ్ళందరినీ కూరగాయలకీ ఆసుపత్రికీ తిప్పిన మనిషి. ఒక చేతిలో మిరియాల చారు, ఇంకో చేతిలో పొగలు కక్కే ఉప్పునీళ్ళు. బల్ల మీదున్న కాగితం వైపు చూసి అంది.

"ఆ కాగితాలు తెల్లోళ్ళకి రాసినయ్యమ్మా. నాలుగు పుక్కిళ్ళు గట్టిగా పట్టావంటే ఆదివారానికల్లా వాపు దిగిపోద్ది. ఆ మాత్రలు మాత్రం ఊరికే మింగమాక, వేడి చేస్తాయి."

అంత ప్రేమగా తెచ్చిన పెద్దావిడకి కాగితంలో ఉన్నది చెప్పి వద్దనడానికి నాకు నోరు రాలేదు, ఆ రోజు నోరు రాకపోవడం మామూలే అయినా. ఆవిడ ఎదురుగానే గట్టిగా పుక్కిలించాను. మాత్రలు దాచుకున్నాను. నొప్పి భరించలేనిదయ్యేదాకా మాత్ర జోలికి వెళ్ళకపోవడం గొప్పతనమని మనందరం నమ్మిన రోజులు కదా.

శనివారం బాగానే ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి చెవిలోంచి మెడ దాకా ఎవరో పొడుస్తున్నట్టు మొదలైంది. దాచుకున్న మాత్రలన్నీ అప్పుడు తీసి వేళ ప్రకారం వేసుకున్నా అవి ఆ నొప్పి అంచును కూడా తాకలేదు. సోమవారం అద్దం ముందు నిలబడి "గుడ్ మార్నింగ్" అనడం సాధన చేశాను. రెండు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరుచుకోవడం లేదు. మావారు ఇంటర్వ్యూకి బయలుదేరుతున్నారు, ఆయనకి చెప్పలేదు. చెబితే మానేసి కూర్చుంటారని నాకు తెలుసు.

ఆఫీసులో సూపర్‌వైజరు నా పక్కన కూర్చుని హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంది. రెండో కాల్‌లోనే ఒక ముసలాయన నన్ను మూడుసార్లు మళ్ళీ చెప్పమని అడిగి, ఇంకెవరికైనా ఫోను ఇవ్వమన్నాడు. ఆవిడ కోప్పడలేదు. డెంటిస్టు దగ్గరికి వెళ్ళి, ఏమైందో రాయించుకుని రా, తర్వాత చూద్దాం అని మాత్రం అంది. ఆ తర్వాత ఏం చూస్తుందోనన్నదే నా భయం.

ఆంటీయే కారులో తీసుకెళ్ళి, లోపలికి కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. డెంటిస్టు గాయం చూసి, గాయాన్ని కాపాడాల్సిన రక్తపుగడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని చెప్పి, మొదటి రోజు నోరు పుక్కిలించావా అని అడిగాడు. అవునంటే నా తప్పేనని కాగితం మీద రాస్తాడేమో, ఉద్యోగం పోతుందేమో. పైగా పక్కన ఆవిడ. లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన నమ్మలేదు, మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపాను.

అప్పుడు ఆంటీ లేచి నిలబడింది. "డాక్టర్, షీ నో వాంట్. ఐ గివ్ హాట్ వాటర్. మై మిస్టేక్" అంది. నేను తలెత్తలేకపోయాను.

ఆయన గాయం కడిగి, అందులో మందు కూరాడు. కాసేపటికి నొప్పి దిగుతుంటే నోరంతా లవంగం వాసన. ఆ మాట చెబితే ఆంటీ కళ్ళు తుడుచుకుంటూనే, లవంగమైతే ముందే తెచ్చేదాన్ని కదా అంది. వారం పాటు మాట్లాడకూడదని మాత్రమే కాగితంలో రాసిచ్చాడు. ఆ వారం సూపర్‌వైజరు నాచేత ఉత్తరాలకి జవాబులు రాయించింది, నెల తిరిగాక ఉద్యోగం ఖాయం చేసింది. ఆంటీ పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు తల ఊపింది నీకోసమేనని ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు; సగం ఉద్యోగం కోసం కూడా అని ఒప్పుకోవలసి వస్తుందని.

ఇప్పుడు మా అమ్మాయి గదిలో మాత్ర వేళకి ఫోనులో అలారం మోగుతుంది, నొప్పి రాకముందే లేచి మాత్ర వేసుకుంటుంది, చెంపకి ఐస్ పెట్టుకుని పడుకుంటుంది. తలుపు తీసి చూస్తే, "ఐయామ్ ఫైన్, మమ్" అంటుంది. నిజంగానే బాగుంది. అలా ఉండాలనే కదా నేను కోరుకుంది. కానీ దాని నొప్పిలో చెయ్యి పెట్టి పాడుచేసేంత చనువు ఎవరికీ లేదు, పాడుచేసి లేచి నిలబడి నాదే తప్పు అనేవాళ్ళూ లేరు. మా వీధిలో కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు, ఎవరి తలుపూ నేను తట్టలేదు.

రేపు పదకొండింటికి ఇరవై నాలుగు గంటలు నిండుతాయి. ఆ తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్ళు మెల్లగా పుక్కిలించవచ్చని దాని కాగితంలోనూ ఉంది. గ్లాసు కడిగి, పక్కనే ఉప్పు డబ్బా పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను.