మోటారు కాలుతో నా నడక

పటమటలో మా చీరల కొట్లో ఏళ్ల తరబడి మఠం వేసుక్కూర్చుని చీరలు విప్పి చూపించినందుకు నా కుడి మోకాలు అరిగిపోయింది. డాక్టరుగారు దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. నొప్పి మాత్రం పాతదానికంటే నాణ్యమైనది ఇచ్చారు.

కుట్లు విప్పాక ఫిజియోథెరపీకి వెళ్తే, అక్కడి అమ్మాయి నా నడుముకీ తొడకీ పిక్కకీ పట్టీలు బిగించి ఒక రోబో కాలు తగిలించింది. నేను అడుగు వెయ్యాలనుకోగానే అది కనిపెట్టి, మోకాలు వంచి ముందుకు తోస్తుందట. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నా మనసులో మాట కనిపెట్టిన ప్రాణి ఇంట్లో ఒక్కటీ లేదు కాబట్టి ముచ్చటేసింది. మొదటి అడుగుతోనే ఆ ముచ్చట తీరిపోయింది. అది గుయ్యిమంటూ కాలు లేపుతుంటే కళ్లవెంట నీళ్లొచ్చాయి.

"బాగా చేస్తున్నారండీ," అందా అమ్మాయి. ఏడ్చే ప్రతివాళ్లతోనూ ఆమె అదే మాట అంటుందని తర్వాత తెలిసింది.

మావారు రోజూ తోడొచ్చి, నా మొహం పడకుండా మెషిన్‌ని వీడియో తీసి బంధువులందరికీ పంపారు. అవి చూసి పామర్రు నుంచి మా ఆడపడుచు దిగింది. నాకంటే ఆవిడ మోకాళ్లే అధ్వాన్నం. ఆపరేషనంటే భయం. ఆ భయానికి ఆవిడ పెట్టుకున్న పేరు ఆయుర్వేదం.

"నడిచేది నువ్వు కాదుగా వదినా, అదే నిన్ను ఈడ్చుకెళ్తంది," అంది మాతో ఫిజియోథెరపీకొచ్చి, నేను నడుస్తుంటే కుర్చీలో కూర్చుని. నేను కాదనలేదు. ఇంటికొచ్చిన వాళ్లందరితో నేను చెబుతున్నదీ అదే.

ఫిజియో అమ్మాయి నవ్వింది. "ఈడ్వట్లేదండీ. దాని సాయం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను. ఇవాళ మోటారు మొత్తం ఆపేశాను. మీరే నడుస్తున్నారు."

ఆగిపోయాను. చప్పుడు లేదన్న సంగతే గమనించలేదు. పొద్దుట్నుంచీ ఆ మెషిన్‌ని నేను తిట్టిన తిట్లన్నీ నా కాలికే తగిలాయన్నమాట.

పట్టీలు విప్పించుకుని, ఏదీ పట్టుకోకుండా ఆడపడుచు కుర్చీ దాకా నడిచాను. ఆవిడ నా మోకాలి వంకే చూస్తోంది.

"నొప్పిగా లేదా?" గొంతు తగ్గించి అడిగింది.

"ఉంది. కాకపోతే రోజురోజుకీ తగ్గుతోంది. నీకు పెరుగుతోంది కదా."

మర్నాడు కాఫీ తాగుతూ, "అన్నయ్యా, ఆ డాక్టరు దగ్గరికి నన్నోసారి తీసుకెళ్లు," అంది.

ఇప్పుడావిడవి రెండూ కొత్త మోకాళ్లే. ఎప్పుడు కలిసినా నేనెలా నడవాలో నాకు నేర్పుతోంది.