ఖానాపూర్ స్పేసు కనిపెట్టిన ఘనుడు

గణితంలో నా పేరు నిలిచిపోవాలని ఒకప్పుడు తెగ కోరుకున్నాను. నిలిచిపోయింది. ఎలా నిలిచిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ నవ్వు కోసం ఒక మంచివాడి చదువు ఖర్చయిందని చివరిదాకా గుర్తుంచుకోండి. తెలివి చాలక మునిగినవాళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. ఇది తెలివి పొంగి పొయ్యి ఆర్పేసిన కథ.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. టోపాలజీ అనే సబ్జెక్టు నెత్తికెక్కి కూర్చున్న రోజులవి. భయపడకండి, పాఠం చెప్పను. మామూలుగా మనం దగ్గర, దూరం అంటే టేపు పెట్టి కొలుస్తాం. టోపాలజీలో టేపు ఉండదు. ఇవన్నీ ఒక గుంపు, అవన్నీ ఒక గుంపు అని గుంపులు కట్టి, వాటిని బట్టే ఏది దేనికి దగ్గరో తేలుస్తారు. అలా పద్ధతిగా గుంపులు కట్టిన దాన్ని స్పేస్ అంటారు. పద్ధతి అన్నాను చూశారా, దానికి కొన్ని నియమాలున్నాయి. వాటిలో ఒకటి ముందుముందు నా కొంప ముంచుతుంది. దాని సంగతి అప్పుడే చెబుతాను, ఎందుకంటే నేను కూడా ఆ రోజుల్లో దాన్ని అలాగే పక్కన పెట్టేశాను.

ఈ స్పేసుల్లో మహా విడ్డూరమైనవి ఉంటాయి. సున్నా రెండుసార్లు ఉండే గీత ఒకటి. ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా ఉన్నా, ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి దారి లేని బొమ్మ ఇంకొకటి. పనీపాటా లేక వీటిని కనిపెట్టలేదు. "కాకులన్నీ నల్లవే" అని ఒకాయన లావుపాటి పుస్తకం రాశాడనుకోండి. మీరు ఒక్క తెల్లకాకిని పట్టుకొచ్చి ఆయన బల్ల మీద పెడితే చాలు, ఆ పుస్తకం కాగితాలు మిర్చిబజ్జీల పొట్లాలకు పనికొస్తాయి. అలాంటి తెల్లకాకిని మా భాషలో కౌంటర్ ఎగ్జాంపుల్ అంటారు.

నాకు తెల్లకాకుల పిచ్చి పట్టింది. ఎవరు ఏ మాటన్నా దానికి అడ్డం తెచ్చి పెట్టందే అన్నం సయించేది కాదు. మా మెస్సులో వండిపెట్టే లచ్చక్క ఒకరోజు, "నా చేతి పప్పు వద్దన్న మనిషి ఇంతవరకు పుట్టలే" అంది.

నేను కంచం ముందు నుంచి లేచి నిలబడి, "నేను వద్దంటున్న గద లచ్చక్కా!" అన్నాను.

"నువ్వు మనుషుల లెక్కల లేవు తియ్ బిడ్డా, కూసోని తిను" అంది.

గొప్ప మాట అది. తెల్లకాకి కావాలంటే ముందు అది కాకి అయి ఉండాలి. లచ్చక్క నవ్వులాటకు అన్న ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి దిగలేదు.

ఇక యూసుఫ్ గురించి చెప్పాలి. నాతో ఒకే బెంచీ మీద కూర్చునేవాడు. వాళ్ళ అబ్బాకు గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. వాళ్ళ అమ్మీ కొడుక్కి డబ్బా కడుతూ, నాకూ ఒక డబ్బా కట్టి పంపేది. నాది మెస్సు తిండి అని ఆమెకు జాలి. ఆ డబ్బా రోజూ తిన్నాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని ఆ తిండి అరగకముందే చేశాను.

యూసుఫ్ వేసవి సెలవులన్నీ కూర్చుని సొంతంగా ఒక సిద్ధాంతం నిరూపించాడు. తేలిక మాటల్లో చెప్పాలంటే, ఫలానా షరతులున్న స్పేసులో ఒక చుక్కల వరస రెండు వేర్వేరు గమ్యాలకు చేరలేదు. ఒకే బస్సు ఒకేసారి రెండు ఊళ్ళలో ఆగలేదు అన్నట్టుగా. అది విని మా హెడ్ సారు మురిసిపోయి సెమినార్ పెట్టించారు. హైదరాబాద్ నుంచి ఒక పెద్దసారును పిలిచారు. ఆయన దగ్గర రీసెర్చి చేయడానికి ఒకే ఒక్క సీటు ఉందని, అది యూసుఫ్‌కేనని మా డిపార్టుమెంటులో అటెండరుకు కూడా తెలుసు.

సెమినార్‌కు వారం ముందు యూసుఫ్ తన కాగితాలు నా చేతిలో పెట్టాడు. "సత్తీ, జర చూడురా. ఎక్కడన్న తప్పుంటే ముందుగాల నువ్వే చెప్పాలె. సార్ల ముంగట ఇజ్జత్ పోవద్దు."

నేను చూశాను. చూస్తుండగానే నా బుర్రలో ఒక తెల్లకాకి కావుమంది. అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ లేదు. "ఎట్లున్నదిరా?" అని వాడు అడిగితే, "మస్తున్నది భాయ్" అన్నాను. పెద్దసారు ముందు బయటపెడితే వారి కంట్లో నేనూ పడతాను కదా అన్నది నా లోపలి లెక్క. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో వాణ్ణి పడగొట్టి రచ్చ గెలుద్దామనుకున్నాను.

సెమినార్ రోజున యూసుఫ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు నిండా రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి గీత గీసి, "ఏమన్న డౌట్లున్నయా?" అని నవ్వుతూ అడిగాడు.

నేను లేచాను. "డౌటు కాదు. కౌంటర్ ఎగ్జాంపుల్ ఉంది."

హాలు మొత్తం నా వైపు తిరిగింది. నేను పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళి చాక్‌పీసు అందుకున్నాను. ఖానాపూర్ మా ఊరు. అక్కడి నుంచి నిర్మల్‌కు ఒక గీత, ఉట్నూరుకు ఒక గీత గీశాను. మధ్యలో అంతులేనన్ని స్టేజీలు ఊహించుకోమన్నాను. ఒక బస్సు ఏయే ఊళ్ళు తిరుగుతుందో ఆ ఊళ్ళన్నీ ఒక గుంపు అన్నాను. ఆ గుంపులను కలుపుకుంటూ పోయి, యూసుఫ్ పెట్టిన షరతులన్నీ ఇక్కడ నిలుస్తాయని, అయినా ఒకే వరస రెండు గమ్యాలకు చేరుతోందని తేల్చేశాను.

"దీనికేమైనా పేరు పెట్టావా?" అని పెద్దసారు అడిగారు.

"ఖానాపూర్ స్పేస్ సార్!"

చప్పట్లు. ఇంతమందిలో ఒక్కరూ దాన్ని పరీక్షించలేదా అని మీకు అనుమానం రావచ్చు. అప్పటికి భోజనాల వేళ దాటింది, వరండాలో బగారా అన్నం గిన్నెల మూతలు తీశారు. ఆ వాసనకు ఏ కౌంటర్ ఎగ్జాంపులైనా నిలబడుతుంది.

పెద్దసారు యూసుఫ్ భుజం తట్టి, "మళ్ళీ ఒకసారి చూసుకో బాబూ, తొందరేం లేదు" అన్నారు. యూసుఫ్ డస్టరు తీసుకుని తన అక్షరాలు తనే తుడిచాడు. నా పక్క నుంచి పోతూ మెల్లగా, "మొన్ననే చెప్పకపోయినవారా సత్తీ" అన్నాడు. అంతే. ఆ పూట కూడా వాళ్ళ అమ్మీ నాకు డబ్బా పంపింది.

మరునాడు విజయోత్సాహంతో ఊరికి బయలుదేరాను. నన్ను తీసుకుపోవడానికి మా నాన్న, అదే మా బాపు, ఖానాపూర్ బస్టాండుకు వచ్చాడు. హోటల్లో చాయ్ తాగుతూ నా ప్రతాపం మొదలుపెట్టాను.

"మన ఊరి పేరు మీద ఒక స్పేసు కనిపెట్టిన బాపు!"

"గట్లనా! ఏముంటది అండ్ల?"

"బస్సులుంటయ్. ఒక్కో బస్సు తిరిగే ఊర్లు ఒక్కో గుంపు. గుంపులకు నియమాలుంటయ్. రెండు గుంపులను కలిపితే అదిగూడ గుంపే కావాలె. ఇగ, రెండు గుంపులల్ల ఉమ్మడిగ ఏ ఊర్లున్నయో, గవి గూడ ఒక గుంపు కావా..."

నోరు అక్కడే ఆగిపోయింది.

ఎదురుగా నిర్మల్ బస్సు నిలబడి ఉంది. దాని పక్కనే ఉట్నూరు బస్సు. రెండింటికీ ఉమ్మడి ఊరు ఒక్క ఖానాపూరే. నా స్పేసు నిలవాలంటే ఆ ఒక్క ఊరూ ఒక గుంపు కావాలి, అంటే ఖానాపూర్‌లో ఎక్కితే ఖానాపూర్‌లోనే దింపే బస్సు ఒకటి ఉండాలి. ఏ డిపో వాడైనా అలాంటి బస్సు నడుపుతాడా? కలపడం సరిచూశాను, ఉమ్మడి సంగతి మరిచాను. నా స్పేసు విడ్డూరమైన స్పేసు కాదు, అసలు స్పేసే కాదు. తెల్లకాకి అని నేను సభలో ఊరేగించింది కొంగను!

"ఏమాయెరా? కడుపుల నొస్తుందా?" అన్నాడు బాపు.

"తప్పు చేసిన బాపు. యూసుఫ్ చెప్పిందే కరెక్టు. నేను చెప్పింది తప్పు."

"అయితే పోన్ చేసి చెప్పు. గింతదానికి పరేషాన్ ఎందుకు?"

ఫోన్ తీశాను. యూసుఫ్ పేరు మీద వేలు పెట్టాను. చప్పట్లు గుర్తొచ్చాయి. "సిగ్నల్ లేదు బాపు" అన్నాను. నిండా సిగ్నల్ ఉంది.

సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం వచ్చాక, పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అంటారు. నా ఆలస్యానికి అమృతం ఎక్కడిది, మొదటి గుటక నుంచీ విషమే. పెద్దసారు వేరే ఊరి పిల్లవాణ్ణి తీసుకున్నారు. ఇంత ప్రతాపం చూపించిన నన్ను తీసుకున్నారా అంటే, నా పేరు కూడా వారికి గుర్తులేదట. యూసుఫ్ ఆ కాగితాలు మళ్ళీ తెరవలేదు, హుస్నాబాద్‌లో ఒక పీజీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని సామెత. దానికి కౌంటర్ ఎగ్జాంపుల్ నా దగ్గరుంది. తీసింది నేను, పడింది వాడు.

ఏళ్ళు గడిచాయి. నేనూ లెక్చరర్నయ్యాను. మొన్న ఎమ్మెస్సీ పేపర్లు దిద్దడానికి పిలిచారు. అందులో ఒక ప్రశ్న, నియమాలు తప్పి స్పేసు కాలేకపోయిన దానికి ఒక ఉదాహరణ ఇవ్వమని. మొదటి పేపర్లో రాసి ఉంది: ఖానాపూర్ స్పేస్. రెండో పేపర్లోనూ ఖానాపూర్ స్పేస్. బస్సుల బొమ్మ కూడా వేశారు. ఒకే క్లాసు పిల్లలు రాసిన ఆ కట్ట అంతా అదే జవాబు. తప్పని కొట్టేద్దామంటే ఒక్క అక్షరం తప్పు లేదు. అన్నింటికీ నా చేత్తోనే పూర్తి మార్కులు వేశాను.

పక్క బల్ల సారు తొంగిచూసి, "ఎవలో ఖానాపూరోడు పాపం, ఏం తప్పు చేసిండో!" అని పడీపడీ నవ్వాడు. నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేయను?

పేపర్ల పని ముగిశాక యూసుఫ్‌కు ఫోన్ చేశాను.

"అరే సత్తీ! ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నారా?"

"యూసుఫ్, ఖానాపూర్ స్పేసు నువ్వే చెప్తున్నవా క్లాసుల?"

వాడు పెద్దగా నవ్వాడు. "దొరికినవ్ బిడ్డా! మొదటి ఏడాది క్లాసుల ఏం చెప్పిన్నో తెలుసా? మా దోస్తు కనిపెట్టిన స్పేసు, నా థీరమ్‌ను ఒక్క దెబ్బతోని కూల్చింది అని గొప్పగ చెప్పుకున్న. ఒక పిల్ల లేచి, సార్, ఆ రెండు బస్సులకు ఉమ్మడి గుంపేది అని అడిగింది. నేను గక్కడనే కూసున్న."

"అంటే నువ్వు కూడ చూసుకోలే?"

"నువ్వు చెప్పినవ్ గద, మళ్ళ చూసుడెందుకు అనుకున్న."

"తెలిసినంక నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు సిగ్గుతోని షర్మిందా అయితవని. సత్తిగానికి తెలిస్తే నాకు చెప్పకుండ ఉండడు. చెప్పలేదంటే వానికి తెల్వదు. ఇగ ఎందుకు బాధపెట్టాలె అనుకున్న. అవ్ మరి, నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడవచ్చు. ఈసారి కూడా సిగ్నల్ నిండుగానే ఉంది.

"సెమినారైన తెల్లారే తెలిసింది యూసుఫ్."

వాడు నెమ్మదిగా, "పెద్దసారు అప్పటికింక కరీంనగర్లనే ఉండెరా" అన్నాడు.

"ఎరుకే."

"సరే. పిల్లలకు మార్కులు మంచిగనే ఏసినవా?"

"పూర్తిగ ఏసిన."

"ఏసినవ్ గద, చాలు. క్లాసుకు టైమైతుంది, ఉంట."

సత్తిగానికి తెలిస్తే చెప్పకుండా ఉండడు. ఇది యూసుఫ్ నమ్మిన రెండో సిద్ధాంతం. మొదటిదాన్ని కూల్చడానికి నేను దొంగ కాకిని తెచ్చాను. రెండోదాన్ని కూల్చింది మాత్రం అసలు సిసలు తెల్లకాకే, నేనే. జీవితం మొత్తానికి నేను కనిపెట్టిన నికార్సయిన కౌంటర్ ఎగ్జాంపుల్ అదొక్కటే.

అందుచేత, పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఇంకొకరి మాటకు అడ్డం చెప్పాలనిపిస్తే ముందు ఖానాపూర్ బస్టాండుకు వెళ్ళి కూర్చుంటాను. ఖానాపూర్‌లో ఎక్కితే ఖానాపూర్‌లోనే దింపే బస్సు వచ్చేదాకా నోరు విప్పను.